రెండు డిగ్రీలు ఎక్కువ

కాటాలు బాగుచేసేవాళ్ళకి పంతం ఎక్కువని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు గానీ, మా వీధి పెద్దాయన్ని చూసినవాళ్ళు మాత్రం రాసే ఉంటుందని నమ్ముతారు. బజారులో ఎవరి తూకం తేడా వచ్చినా కాటా చంకనెట్టుకుని ఆయన దుకాణానికే రావాలి. ఆయన పళ్ళాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వదిలి, అది ఊగి ఊగి నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసి, "ఇటుపక్కకి గింజంత మొగ్గుతోంది" అనేవాడు. ఆ గింజంత కోసం పూటంతా కూర్చునేవాడు. దానివల్ల ఆయనకి మంచి పేరొచ్చింది. ఇంకొకళ్ళ మాట చెవికెక్కించుకోని జబ్బూ వచ్చింది. మొదటిది అందరూ ఆయన ముందు చెప్పేవాళ్ళు, రెండోది ఆయన వెళ్ళిపోయాక చెప్పుకునేవాళ్ళు.

ఆయనకొక తమ్ముడు. పుస్తకాలకి అట్టలు వేసే బైండరు. ఒకే గోడకి ఇటు అన్న ఇల్లు, అటు తమ్ముడి ఇల్లు. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "కాగితాలతో కాపురం చేస్తున్నానండీ, అవి ఎదురు చెప్పవు" అని నవ్వేసేవాడు. బైండింగు పనికి ప్రాణం బంక. చలికి బంక గడ్డకట్టిందంటే మర్నాడు పూట పని గోవిందా. అందుకని చలికాలం వచ్చిందంటే, గోడకి ఆనించి కట్టుకున్న ఇటుకల పొయ్యిలో బొగ్గులు రాజేసి, బంకగిన్నె వాటి మీద పెట్టి, నివురు కప్పి, తెల్లవార్లూ సన్న సెగ ఉంచేవాడు. కుర్రతనంలో మొదలెట్టిన అలవాటు. ఏ చలికాలంలోనూ ఆ పొయ్యి ఆరగా ఎవరూ చూడలేదు. ఈ పొయ్యిని కాస్త గుర్తుపెట్టుకోండి.

అన్నదమ్ములిద్దరికీ వాతావరణం పిచ్చి. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో గానీ, వాళ్ళతో ఆగలేదు. రిటైరైన లెక్కల మాస్టారికి అంటింది, మందుల షాపావిడకి అంటింది, పాల వ్యాను నడిపేవాడికి అంటింది. పొద్దున్నే ఈ ఐదుగురూ కాటా దుకాణం మెట్ల మీద చేరి, మఫ్లర్లలోంచి మొహాలు బయటపెట్టి, రాత్రి చలి ఎంత అన్నదాని మీద కొట్టుకునేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు వీళ్ళకి చలిచీమలని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళే గొంగళ్ళు తీయాలా ఇంకో వారం ఉంచాలా అని మళ్ళీ వీళ్ళనే అడిగేవాళ్ళు.

చలిచీమల పద్ధతి ఇది. సాయంత్రం రేడియోలో వాతావరణం చెప్పాక, రేపు తెల్లవారేసరికి చలి ఎన్ని డిగ్రీలకి దిగుతుందో ఒక్కొక్కరూ తమ లెక్క సుద్దముక్కతో పలక మీద రాయాలి. పైన రేడియో అంకె, కింద వీళ్ళ అంకెలు. పొద్దున్నే ఎవరి ఇంట్లో థర్మామీటరు ఎంత చూపించిందో వచ్చి చెబితే మాస్టారు సగటు కట్టి నోటుబుక్కులో ఎక్కిస్తారు. ఆ సగటే ఆ రోజుకి అసలైన చలి. దానికి అందరికంటే దూరంగా రాసినవాళ్ళు మిగతావాళ్ళకి టీ కాచాలి. దుకాణం వెనక గదిలో చిన్న స్టవ్వు ఉంది.

వాదనలకి అంతే ఉండేది కాదు.

"రేడియోవాడు చెప్పేది ఖాళీ మైదానంలో చలండీ, మీ మంచం కింద చలి కాదు" అనేవారు మాస్టారు.

"వాడికేం తెలుసు మాస్టారూ, తెల్లారగట్ల వంతెన కింద వ్యాను ఆపి దిగమనండి, డిగ్రీలు ఎముకల్లో లెక్కబెట్టుకుంటాడు" అనేవాడు పాల వ్యానువాడు.

"మీ ఇద్దరి కంటే నా దగ్గు మందు సీసాలు నయం. ఎన్ని అమ్ముడయ్యాయో చూసి రేపటి చలి చెప్పేస్తా" అనేది మందుల షాపావిడ.

బైండరు తమ్ముడు అందరి మాటలూ విని, చివర్లో మెల్లగా తన అంకె చెప్పేవాడు. చాలాసార్లు అదే దగ్గరగా ఉండేది. పెద్దాయన మాత్రం ఏటా ఒకటే పాట. "రేడియో చెప్పేది శుద్ధ అబద్ధం. వాళ్ళు ఆరన్న రోజు మా ఇంట్లో ఎనిమిది. ఎనిమిదన్న రోజు పది. రెండు డిగ్రీలు జనాన్ని ఊరికే వణికిస్తున్నారు."

ఆయన థర్మామీటరు వెనక వసారాలో, గోడకి కొట్టిన చిన్న చెక్కపెట్టెలో ఉండేది. ఏ గోడకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండు చలికాలాల కిందట మాస్టారు గొంతు సవరించుకుని, "కాటాగారూ, మీరేం అనుకోకండి, మీ అంకె కలపడంవల్ల సగటు పాడైపోతోంది. మీ పెట్టె ఎక్కడో వేడికి తగులుతోంది" అన్నారు. పెద్దాయన ఎర్రబడి, "తమ్ముణ్ణి అడగండి. పక్కింట్లోనే ఉంటాడు, వాడు చెబుతాడు" అన్నాడు. తమ్ముడు తన మాటకి తలూపుతాడనే ఆయన ధీమా. పుట్టిన దగ్గర్నుంచీ ఊపుతూనే ఉన్నాడు మరి.

ఆ పూట మాత్రం తమ్ముడు తల ఊపలేదు. "మాస్టారు చెప్పింది నిజమే అన్నయ్యా. నా పొయ్యి వేడి గోడలోంచి ఇటు వస్తోంది. పెట్టె తీసి పెరట్లో గుంజ పాతి దానికి కొట్టుకో, సరిపోతుంది" అన్నాడు.

"అంత మందం గోడలోంచి నీ పిడికెడు బొగ్గుల వేడి వస్తుందా? ఊరందరి తూకాలు నిలబెట్టినవాడికి నువ్వు తూకం నేర్పుతావురా?"

"తూకం కాదన్నయ్యా, చలి" అన్నాడు తమ్ముడు. అందులో వెటకారం లేదు. ఉన్నమాట అన్నాడంతే. కానీ మిగతా ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు పెద్దాయన గుండెలో ముల్లులా దిగింది.

ఆ రోజు నుంచి ఆయన అంకె సగటులోంచి పోయింది. ఆ రోజు నుంచే అన్నదమ్ముల మధ్య మాటా పోయింది. తమ్ముడు రెండు మూడుసార్లు గుమ్మందాకా వచ్చాడు. "అన్నయ్యా" అంటే ఇటునుంచి పలుకు లేదు. అన్నయ్యకి ఎదురుపడి ఇబ్బంది పెట్టడం ఎందుకని మెట్ల మీదకి రావడమూ మానేశాడు. పెద్దాయన మాత్రం పెట్టె అంగుళం కదపలేదు. కదిపితే తమ్ముడి మాట ఒప్పుకున్నట్టేగా. పైగా రోజూ సాయంత్రం రేడియో అంకె మీద రెండు వేసి రాసేవాడు. "ఇంట్లో ఎనిమిది కళ్ళారా చూస్తూ పలక మీద ఆరని ఎలా రాస్తాను?" అనేవాడు. రోజూ ఓడేవాడు, రోజూ టీ కాచేవాడు. రెండు చలికాలాలు అలా గడిచాయి. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు గానీ, ఆ రాజ్యంలో ఒంటరిగా కూర్చోవాలన్న సంగతి ఎవరూ చెప్పరు.

ఆయనకి కావలసినవి రెండు. తన అంకె మళ్ళీ లెక్కలోకి రావాలి. తమ్ముడు వచ్చి "నాదే తప్పు అన్నయ్యా" అనాలి. నిజానికి రెండోదాని కోసమే మొదటిది. తమ్ముడంటే ఆయనకి ప్రాణం. ఆ మాట భార్యకి తెలుసు, గోడకి తెలుసు, ఆయన నోటికి తప్ప అందరికీ తెలుసు.

ఈ చలికాలం నడిమధ్యలో భార్య కూతురింటికి వెళ్ళాల్సి వచ్చింది. మనవరాలికి జ్వరం. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వసారాలో నిలబడి గోడ మీదుగా మరిదిని పలకరించేది ఆవిడే. తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, ఇదిగో గిన్నె అందుకో, అని. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏమండీ, మీరు మాట్లాడకపోతే మానె. రోజుకొకసారి కనిపిస్తున్నాడో లేదో చూస్తూ ఉండండి. ఒంటిగాడు" అంది.

"చూస్తాలే" అన్నాడాయన. ఆవిడ వెళ్ళాక ఈయనకి పడిశం పట్టింది. ముక్కు దిబ్బడేసి, బంక వాసనా లేదు, బొగ్గు పొగా లేదు, ఏ వాసనా తెలియదు.

సరిగ్గా అప్పుడే చలి బిగిసింది. రేడియోలో ఆరన్నారు. అలవాటు ప్రకారం పెద్దాయన పలక మీద ఎనిమిది రాసి ఇంటికి పోయి పడుకున్నాడు. తెల్లవారి వసారాలోకి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టెలోకి చూశాడు. ఆరు. మళ్ళీ తుడుచుకుని చూశాడు. ఆరే.

ఒక్క ఆలోచన వచ్చింది ఆయనకి. రాలేదని చెబితే అబద్ధమవుతుంది. "వాడి పొయ్యి ఆరిందా?" అని రానే వచ్చింది. వచ్చినదాన్ని ఆయనే మెడపట్టి గెంటేశాడు. ఎందుకంటే, పొయ్యి ఆరబట్టి అంకె తగ్గిందని ఒప్పుకుంటే, ఇన్నేళ్ళూ పొయ్యి వల్లే పెరిగిందని ఒప్పుకోవాలి. అది ఎలా ఒప్పుకుంటాడు? నా థర్మామీటరు ఎప్పుడూ నిజమే చెప్పింది, ఇన్నాళ్ళూ రేడియోవాడు తప్పు, ఇవాళ దారికొచ్చాడు, అని తీర్పు చెప్పేసుకున్నాడు. పంతం పట్టినవాడికి కళ్ళెదుటి లెక్క కూడా కనపడదు.

అంతటితో ఊరుకున్నాడా? గోడవైపు తిరిగి, అటుపక్క వినపడేలా, "ఆరు. సరిగ్గా ఆరు. ఎవరి పొయ్యి వేడి ఏమైందో మరి" అని గట్టిగా చదివాడు. అటునుంచి జవాబు లేదు. "ఏరా, నోరు పడిపోయిందా?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. అంత చలిలోనూ ఒళ్ళు వెచ్చబడింది ఆయనకి.

మెట్ల మీద ఆ రోజు రచ్చ రచ్చ. మాస్టారు నమ్మలేదు. "ఇంకొక్క రోజు చూద్దాం" అన్నారు. పలక మీద ఎనిమిది రాసి ఉంది కాబట్టి టీ పెద్దాయనే కాచాడు, కానీ ఈలవేస్తూ కాచాడు. సాయంత్రం భార్య ఫోను చేసింది. మనవరాలి జ్వరం సంగతి చెప్పి, "మీ తమ్ముడు కనిపించాడా?" అని అడిగింది.

కనిపించలేదు. చూడనూ లేదు. "కనిపించకేం" అన్నాడు.

"ఎలా ఉన్నాడు?"

"వాడికేం. గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాడు. తమ్ముడి మీద కోపంతో అన్నమాట కాదది. ఆ రోజు ఆయన ఉత్సాహం అలాంటిది. అందరూ బాగున్నట్టే అనిపించింది.

మర్నాటికి రేడియోలో ఐదన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి పెద్దాయన కూడా ఐదే రాశాడు. తెల్లవారితే పెట్టెలో ఐదు. మళ్ళీ గోడవైపు తిరిగి చదివాడు. ఈసారి నిదానంగా, రుచి చూస్తున్నట్టు. అటుపక్క సుత్తి చప్పుడు కూడా లేదు. అలిగాడనుకున్నాడు. అలగనీ, ఎన్నాళ్ళని అలుగుతాడు, రేపో మాపో తోక ముడుచుకుని రాకపోడు, వస్తే ఏమీ అనకూడదు, టీ ఇచ్చి కూర్చోబెట్టాలి, అనుకున్నాడు. ఆ టీ ఇచ్చేది కూడా ఊహించుకున్నాడు. రెండు చెంచాల చక్కెర వేస్తాడు వాడు, చిన్నప్పట్నుంచీ అంతే.

మాస్టారు పలక తుడిచి, సగటులో మళ్ళీ పెద్దాయన అంకె రాశారు. "మాటంటే మాటే, కాటాగారూ. ఇవాళ మీ అంకె కలిసింది" అన్నారు. ఆ పూట టీ పాల వ్యానువాడు కాచాడు. పెద్దాయన మెట్టు మీద కాళ్ళు చాపుకుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు. ఒకరు కాచిస్తే తాగే టీకి ఉన్న రుచి వేరు. ఆ సాయంత్రం ఫోనులోనూ "గుండ్రాయే, గుండ్రాయే" అన్నాడు.

మూడో పొద్దున కూడా అంకె కలిసింది. మాస్టారు చాక్‌పీసు పట్టుకుని సగటు కడుతుంటే, మందుల షాపావిడ టీ గ్లాసులోకి ఊదుకుంటూ మామూలుగా అడిగింది. "బాబాయిగారూ, బైండరుగారు ఊళ్ళో లేరా? నిన్న మా షాపు బిల్లు పుస్తకాల కోసం మనిషిని పంపితే, తలుపు కొట్టినా పలకలేదన్నాడు. పొయ్యి కూడా వెలిగించినట్టు లేదు, పొగగొట్టంలోంచి పొగ లేదన్నాడు."

మాస్టారి చేతిలో చాక్‌పీసు పలక మీదే ఆగిపోయింది. ఆయనకి లెక్క అర్థమైంది. పెద్దాయన మొహం చూసి పలక వెనక్కి తిప్పేశారు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆ వయసులో ఆయన అలా నడవగా ఎవరూ చూడలేదు. ముందు తమ్ముడి ఇంటికి వెళ్ళాలని కూడా తోచలేదు పాపం, తన వసారాలోకి వెళ్ళాడు. పెట్టె పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చిన్నప్పుడు తమ్ముడికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాడు, అలాగే. గోడ చల్లగా ఉంది. కొంచెం పైన పెట్టి చూశాడు, కొంచెం కింద పెట్టి చూశాడు. అన్నిచోట్లా ఒకటే చలి.

"ఒరేయ్ తమ్ముడూ" అన్నాడు గోడతో.

అటు తిరిగి వెళ్ళేసరికి మిగతా ముగ్గురూ గుమ్మం ముందు ఉన్నారు. తలుపుకి గడియ కూడా పెట్టి లేదు. నెడితే వచ్చింది. పొయ్యికీ మంచానికీ మధ్య నేల మీద తమ్ముడు పక్కకి ఒరిగి ఉన్నాడు. పక్కన బొగ్గుల డబ్బా బోర్లా పడి ఉంది. పొయ్యి రాజేద్దామని వంగినవాడు మళ్ళీ లేవలేదు. బంకగిన్నెలో బంక రాయిలా బిగిసిపోయింది. బల్ల మీద మందుల షాపు బిల్లు పుస్తకాలు అట్టలకి ఎదురుచూస్తూ విప్పి ఉన్నాయి.

పెద్దాయన నేల మీద కూలబడి తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. తన మఫ్లరు తీసి వాడి మెడకి చుట్టాడు. చుట్టి, చివరలు లోపలికి దోపాడు. చూస్తున్న పాల వ్యానువాడు బయటికి వెళ్ళి గోడ చాటున ఏడ్చాడు.

డాక్టరు వచ్చి చూశాడు. ఆయన తప్పేం లేదు, అడిగారు కాబట్టి చెప్పాడు. మెదడులో నరం చిట్లి ఒక పక్క పడిపోయింది, మాట పడిపోయింది, అన్నాడు. "వెంటనే పోయారా?" అని అడిగాడు పెద్దాయన.

"వెంటనే కాదండీ. మొదటి రోజంతా ఉండి ఉంటారు. తర్వాత ఈ చలి."

"వినపడుతుందా? మాట పడిపోయినవాడికి."

పెద్దాయన ఎందుకడుగుతున్నాడో తెలియని డాక్టరు, "వినపడుతుందండీ. చాలామందికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, పలకలేరు అంతే" అన్నాడు.

ఆరు, సరిగ్గా ఆరు అని పెద్దాయన చదివిన పొద్దున, ఏరా నోరు పడిపోయిందా అని అడిగిన పొద్దున, గోడకి అటుపక్క వాడు బతికే ఉన్నాడు. థర్మామీటరు అన్నీ చెప్పింది. తమ్ముడి పొయ్యి ఆరిపోయింది వెళ్ళు వెళ్ళు అని ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా చెప్పింది. ఆ ఒక్క అంకె వినడానికి మనిషికి ఎంత చదువు కావాలి?

సాయంత్రానికి భార్య వచ్చింది. మరిదిని చూసి గుండెలు బాదుకుని ఏడ్చి, ఏడుపు నెమ్మదించాక మొగుడి పక్కన వచ్చి కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చాలా మామూలు గొంతుతో, "గుండ్రాయిలా ఉన్నాడన్నారు కదండీ" అంది.

ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అయినా ఆయన చెవుల్లోంచి అది పోలేదు.

కొన్నాళ్ళు దుకాణం తెరవలేదు. తెరిచిన రోజు పొద్దున్నే మాస్టారు ముందుగా వచ్చి కూర్చున్నారు. "కాటాగారూ, పలక తీసేద్దామా? ఈ ఆటలు చాలు మనకి" అన్నారు.

"ఎందుకండీ, ఉండనీండి" అన్నాడు పెద్దాయన. "ఆ రెండు రోజులవీ మాత్రం సగటులోంచి నా అంకె కొట్టెయ్యండి."

"అవే సరైనవి కదండీ" అనబోయి, సగంలో నాలిక కరుచుకున్నారు మాస్టారు.

"సరైనవే" అన్నాడు పెద్దాయన. "కొట్టెయ్యండి."

తమ్ముడి ఇల్లు ఖాళీ చెయ్యనివ్వలేదు ఆయన. పొద్దు వాలుతుంటే అటు వెళ్ళి, బొగ్గులు రాజేసి, బంకగిన్నెలో కాసిని నీళ్ళు పోసి మీద పెట్టి, నివురు కప్పి వస్తాడు. అట్ట వెయ్యడానికి పుస్తకం లేదు, వేసే మనిషీ లేడు. పొయ్యి మాత్రం ఆరదు. బొగ్గులు అంటుకోక ఆలస్యమైతే భార్యే వెళ్ళి విసురుతుంది. తెల్లవారి ఆయన వసారాలోకి వెళ్ళి, ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి, ఆ తర్వాత పెట్టెలోకి చూస్తాడు.

ఇప్పుడు రేడియోలో ఆరంటే ఆయన పలక మీద ఎనిమిది రాస్తాడు. ఏడంటే తొమ్మిది రాస్తాడు. రేడియో తప్పని ఇప్పుడు అనడు, ఎవరితోనూ వాదించడు. పొద్దున మాస్టారు సగటు కట్టేలోపే లేచి వెనక గదిలోకి వెళ్ళి స్టవ్వు వెలిగిస్తాడు. ఒక గ్లాసులో రెండు చెంచాల చక్కెర వేసి మెట్టు మీద తన పక్కన పెడతాడు. మిగిలిన ఈ చలికాలమంతా టీ ఆయనే కాస్తున్నాడు.